పటాన్‌చెరు గాలికి పంచనామా ఎప్పుడు?

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి చుట్టుపక్కల ఉంటున్నవారు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదు ఒకటే. పొద్దుపోయాక ఘాటు వాసన మొదలవుతుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, కిటికీలు బిగించుకుని పడుకోవాలి. తెల్లారేసరికి గాలి మారుతుంది, వాసన పోతుంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. ఏ కంపెనీ నుంచి వచ్చిందని అడిగితే జనం ఒక దిక్కు చూపిస్తారు. ఆ దిక్కున ఉన్న కంపెనీలు ఒకటీ రెండూ కావు. అమీన్‌పూర్, బీరంగూడ, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్లు లేచాక ఈ గోడు పల్లెలు దాటి నగరానికీ పాకింది.

గ్యాస్ సెన్సర్లు బిగించిన డ్రోన్లను ఎగరేస్తే ఈ చిక్కు వీడుతుందనే ఆశ సహజమే. రాత్రిపూట వాసన వచ్చిన దిక్కుకు పది నిమిషాల్లో చేరుకునే పరికరం ఉంటే ఎవరు వద్దంటారు? అయితే ఈ ప్రాంతంలో వాసన పట్టే ముక్కులకు కొదవ లేదు. కరవైంది సాక్ష్యం: ఫలానా రాత్రి, ఫలానా ప్రహరీ లోపలి నుంచి, ఫలానా రసాయనం బయటికి వచ్చిందని విచారణలో నిలబడే సాక్ష్యం. డ్రోన్‌ను ఆ సాక్ష్యం దాకా దారి చూపేలా వాడితేనే దానివల్ల ప్రయోజనం. లేకపోతే అది తెరపై రంగులు మారే మరో అంకెల పట్టిక అవుతుంది.

నీరు దొరికింది, గాలి జారిపోయింది

పటాన్‌చెరు కాలుష్యం మీద జరిగిన పోరాటం దేశంలోనే పేరుమోసింది. అరవయ్యో దశకంలో బాలానగర్‌లో ఐడీపీఎల్ రావడంతో హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమకు పునాది పడింది. అందులో పని నేర్చుకున్న నిపుణులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. వెనుకబడిన అప్పటి మెదక్ జిల్లాలో పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరకు చేరాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. స్థానిక వైద్యుడు డాక్టర్ ఎ.కిషన్‌రావు వంటివారు రైతుల పక్షాన దశాబ్దాలు నిలబడ్డారు. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలన్న ఆదేశాలు వచ్చాయి. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ‘పెటెల్’ వచ్చింది. తర్వాత శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం వైపు మళ్లించారు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఔషధ నిరోధక బ్యాక్టీరియా గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు రావడానికి ఆ కొలత ఒక ముఖ్య కారణం.

ఈ విజయాలన్నిటికీ ఆధారం నీటి స్వభావంలోనే ఉంది. రంగు మారిన వాగు రేపు కూడా అక్కడే ఉంటుంది. బోరునీటిని సీసాలో పట్టి కోర్టు బల్లమీద పెట్టవచ్చు. మట్టి పదేళ్ల తర్వాత తవ్వినా చేసిన తప్పును చెబుతుంది. గాలికి ఆ గుణం లేదు. రాత్రి రెండింటికి వదిలిన వాయువు ఉదయం ఏడింటికి ఆనవాలు మిగలకుండా చెదిరిపోతుంది. నీటి మీద పోరాడి గెలిచిన ప్రాంతమే గాలి విషయంలో ఇంకా ఫిర్యాదు దగ్గరే ఆగిపోవడానికి మూలం ఇక్కడుంది.

సూచీలో లేని వాయువులు

కొలతలు అసలు లేవని కాదు. బొల్లారం, పాశమైలారం, ఇక్రిశాట్, రామచంద్రాపురం, కంది ఐఐటీ ఆవరణల్లో నిరంతర వాయు నాణ్యత కేంద్రాలు పనిచేస్తున్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన సమగ్ర కాలుష్య సూచీలో పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతం 70 మార్కులు దాటి ‘తీవ్ర కాలుష్య ప్రాంతం’ జాబితాకెక్కింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండలతో పాటు పటాన్‌చెరు, సంగారెడ్డి కూడా ఉన్నాయి. ఒకే జిల్లాలో రెండు పట్టణాలు ప్రమాణాలు అందుకోని జాబితాలో ఉండటం చిన్న సంగతి కాదు.

అయినా జనం అనుభవానికీ తెరమీది అంకెకూ పొంతన కుదరదు. కారణం ఆ అంకె తయారయ్యే తీరు. 2009 నవంబరులో నోటిఫై చేసిన జాతీయ ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి: ధూళి కణాలు రెండు రకాలు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. రోజూ పత్రికల్లో కనపడే వాయు నాణ్యత సూచీ వీటిలో ఎనిమిదింటినే లెక్కిస్తుంది. బెంజీన్‌కు కూడా అందులో చోటు లేదు. ఇక బల్క్ డ్రగ్ కంపెనీల్లో డ్రమ్ముల కొద్దీ వాడే టొలీన్, మెథనాల్, మిథిలీన్ క్లోరైడ్, అసిటోన్ వంటి సాల్వెంట్లు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, అతి తక్కువ మోతాదులోనే ముక్కు బద్దలయ్యే మెర్కాప్టాన్లు ఆ ఎనిమిదిలో ఎక్కడా లేవు. బొల్లారంలో ఊపిరాడని రాత్రి కూడా సూచీ ‘సంతృప్తికరం’ అని చూపించవచ్చు. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాన్ని అడిగిన ప్రశ్న వేరు.

రెండో లోటు పొగగొట్టాల నిఘాలో ఉంది. 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు నిరంతర ఆన్‌లైన్ పర్యవేక్షణ పరికరాలు పెట్టుకోవాలని 2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలి ఆదేశించింది. మందుల పరిశ్రమ అందులో ఉంది. ఆ పరికరం పొగగొట్టంలోంచి పోయేదాన్ని కొలుస్తుంది. వాసనలో పెద్ద భాగం పొగగొట్టంలోంచి రాదు. రియాక్టర్ మూత తెరిచినప్పుడు, సాల్వెంట్ డ్రమ్ము నింపినప్పుడు, ట్యాంకర్ ఖాళీ చేసినప్పుడు, వ్యర్థజలం తొట్లలో నిలిచినప్పుడు, పైపు అతుకు కారినప్పుడు అది వస్తుంది. ఒక దారీ తెన్నూ లేకుండా బయటపడే ఈ వాయువులకు మీటరు లేదు.

డ్రోన్ ఎక్కడ పనికొస్తుంది

డ్రోన్‌కు చోటు దొరికేది ఇక్కడే. నిలకడగా ఒకచోట ఉండే కేంద్రం తన దగ్గరికి వచ్చిన గాలినే కొలుస్తుంది. గాలి మరోవైపు వీస్తే కిలోమీటరు దూరంలోని లీకేజీ దానికి తెలియదు. డ్రోన్ గాలికి ఎదురెళ్లగలదు. కంపెనీకి గాలి వచ్చే వైపున ఒక వరస, గాలి పోయే వైపున మరో వరస ఎగిరి రెండు కొలతలను పోల్చితే, మధ్యలో కలిసింది ఎంతో తేలుతుంది. ప్రహరీ లోపలికి వెళ్లనక్కరలేదు. గేటు దగ్గర అనుమతి కోసం నిలబడి లోపలివాళ్లకు సర్దుకునే వ్యవధి ఇవ్వనక్కరలేదు.

ఇంకో మేలు ఎత్తుకు సంబంధించింది. చలికాలం రాత్రుల్లో నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా కిందనే ఉండిపోతుంది. దానిపైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటుంది. పగలు పైకి పోయి పలచబడే వాయువు రాత్రి ఆ మూత కింద నేలబారుగా పాకుతుంది. రాత్రిపూట వాసన పెరగడానికి కంపెనీలు చీకట్లో వదలడం ఒక్కటే కారణం కాదు, ఈ వాతావరణ స్థితి కూడా కారణమే. రెండింటినీ వేరుచేసి చెప్పాలంటే నేల నుంచి వంద మీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో కొలవాలి. భవనం పైకప్పు మీద పెట్టిన యంత్రం ఆ పని చేయలేదు, డ్రోన్ చేయగలదు. కాలుష్యాన్ని నిరూపించడానికి ఈ తేడా ఎంత అవసరమో, తప్పు లేని కంపెనీ మీద నింద పడకుండా ఉండటానికీ అంతే అవసరం.

ప్రమాద సమయాల్లో దీని విలువ ఇంకా ఎక్కువ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. వాయువు ఎటు పాకుతోంది, ఏ వీధి దాకా ఖాళీ చేయించాలి అన్నది ఆ పూట ప్రాణాలు నిలిపే సమాచారం. అలాంటప్పుడు మనిషిని పంపకుండా ముందు డ్రోన్‌ను పంపవచ్చు. అలాగని అన్నిటికీ డ్రోనే మందు కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొంది. ఫ్యాక్టరీ లోపలి భద్రత తనిఖీలతో, యంత్రాల నిర్వహణతో, కార్మికుల శిక్షణతో వచ్చేది. ఆకాశంలో ఎగిరే సెన్సర్ దానికి బదులు కాదు.

అమ్మేవాళ్లు చెప్పని సంగతులు

కొనేముందు ప్రభుత్వం అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ సెన్సర్? సాల్వెంట్ ఆవిరులకు ఎక్కువగా వాడేది అతినీలలోహిత దీపంతో పనిచేసే పీఐడీ (ఫొటో అయనైజేషన్ డిటెక్టర్) పరికరం. మామూలుగా అందులో ఉండే దీపం శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. టొలీన్, బెంజీన్, అసిటోన్, స్టైరీన్ దానికి చిక్కుతాయి. మెథనాల్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 10.85, మిథిలీన్ క్లోరైడ్‌కు 11.3, అసిటోనైట్రైల్‌కు 12కు పైగా కావాలి. ఇవన్నీ మందుల తయారీలో నిత్యం వాడేవే. ఆ దీపానికి ఇవి కనపడవు. అంటే పొరపాటు సెన్సర్ కొంటే మిథిలీన్ క్లోరైడ్ వదిలే కంపెనీ మీదుగా డ్రోన్ ఎగిరి ‘అంతా బాగుంది’ అని రాసిస్తుంది. దొరికినప్పుడు కూడా అది మొత్తం ఎంతో చెబుతుంది తప్ప ఏ రసాయనమో చెప్పదు. అది తేల్చేది ప్రయోగశాల. అందుకే సెన్సర్‌తో పాటు గాలిని పట్టి తెచ్చే ఖాళీ చేసిన స్టీలు డబ్బా కూడా డ్రోన్ మీద ఉండాలి.

రెండో ప్రశ్న వేగం. హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా, క్లోరిన్‌లను పట్టే ఎలక్ట్రో కెమికల్ సెన్సర్ పూర్తి విలువ చూపడానికి అర నిమిషం లేదా అంతకు మించి తీసుకోవచ్చు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్న డ్రోన్ ఆ అర నిమిషంలో 150 మీటర్లు దాటిపోతుంది. పారిశ్రామిక వాడలో 150 మీటర్లంటే పక్క కంపెనీ. తొందరపడి ఎగరేస్తే ఒకరి తప్పు మరొకరి ఖాతాలో పడుతుంది. రెక్కల కింది గాలి సుడులు వాయువును చెదరగొడతాయి కాబట్టి గాలి పీల్చే గొట్టం రెక్కల పరిధి దాటి బయటికి ఉండాలి. బ్యాటరీ అరగంట అటూ ఇటూ వస్తుంది. తేమ, వేడి మారితే అంకె మారుతుంది కనుక ఎగిరే ముందూ దిగిన తర్వాతా తెలిసిన వాయువుతో సరిచూడాలి.

మూడో ప్రశ్న భద్రత. సాల్వెంట్ ఆవిరి నిండిన చోట లిథియం బ్యాటరీ ఉన్న యంత్రం కూలితే అదే నిప్పు అంటించవచ్చు. అందుకే ఎగరడం ప్రహరీ వెలుపలి నుంచే జరగాలి. సాల్వెంట్ ట్యాంకుల మీదుగా పోకూడదన్నది రాతపూర్వక నియమం కావాలి.

నాలుగోది ఆకాశం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. కానీ ఈ ప్రాంతం ఆకాశం అంత ఖాళీగా లేదు. పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. భానూరులో భారత్ డైనమిక్స్ (బీడీఎల్), ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నాయి. ఏ వాడ మీద ఎంత ఎత్తు దాకా, ఏ వేళల్లో ఎగరవచ్చో ముందే తేల్చుకుని శాశ్వత అనుమతి తీసుకోవాలి. వాసన వచ్చిన రాత్రి దరఖాస్తు పెట్టుకుంటే అనుమతి వచ్చేది వాసన పోయాకే.

గాజు సీసా నాటి చట్టం

వీటన్నిటికంటే పెద్ద గోడ చట్టంలో ఉంది. 1981 వాయు కాలుష్య నివారణ చట్టంలోని 26వ సెక్షన్ నమూనా సేకరణకు ఒక పద్ధతి విధించింది. అధికారి అక్కడికక్కడే యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి. వారి సమక్షంలో నమూనా తీయాలి. పాత్రలో పెట్టి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ పద్ధతి పాటించకపోతే ఆ పరీక్ష ఫలితం విచారణలో సాక్ష్యంగా చెల్లదని చట్టమే చెబుతోంది. ‘ఉద్గారం’ అంటే పొగగొట్టం, నాళం లేదా మరేదైనా నిర్గమ మార్గం నుంచి వచ్చేదని నిర్వచించింది.

పొగగొట్టానికి మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కి నమూనా తీసిన కాలానికి ఇది సబబైన రక్షణ. అధికారి ఇష్టమొచ్చిన చోట గాలి పట్టి కంపెనీ పేరు అంటించకుండా ఇది అడ్డుకుంది. ఆ రక్షణ తీసేయమని అడగకూడదు. దాన్ని నేటి పరికరానికి తగినట్లు రాసుకోవాలి. రాత్రి రెండు గంటలకు ప్రహరీ బయట 60 మీటర్ల ఎత్తులో తీసిన కొలతకు యాజమాన్యం సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? పాత పద్ధతిని పట్టుకుంటే ఆ కొలత కాగితం ముక్క. పద్ధతే లేదంటే ఏ న్యాయస్థానమూ దాన్ని నమ్మనక్కరలేదు.

దారి మూసుకుపోలేదు. చట్టంలోని 31ఎ సెక్షన్ కింద మూసివేతకు, కరెంటు, నీటి సరఫరా నిలిపివేతకు ఆదేశాలిచ్చే అధికారం మండలికి ఉంది. జన్ విశ్వాస్ చట్టం ద్వారా చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఉల్లంఘనలకు జైలుకు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా విధించే విధానం వచ్చింది. దాన్ని నిర్ణయించేది క్రిమినల్ కోర్టు కాదు, న్యాయ నిర్ణయాధికారి. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం, దాన్ని మార్చలేదని చూపే హ్యాష్ విలువ ఉండాలని 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం చెబుతోంది. డ్రోన్ కొలతను తీసిన క్షణంలోనే సమయం, స్థలం, ఎత్తు, గాలి దిశతో సహా ముద్రవేసి భద్రపరిస్తే ఈ షరతు తీర్చడం కష్టం కాదు. ఆధునిక పంచనామా అంటే అదే.

డెన్మార్క్ పాటించిన వరస

ముందు డ్రోన్ జాడ చూపడం, తర్వాత మనిషి నమూనా తీయడం అనే వరసను యూరప్ సముద్రాల మీద ఇప్పటికే పాటిస్తున్నారు. ఓడల ఇంధనంలో గంధకం 0.1 శాతం మించకూడదన్న నియమం 2015 నుంచి బాల్టిక్, ఉత్తర సముద్రాల్లో అమల్లో ఉంది. నడిసంద్రంలో ఓడ ఏ ఇంధనం కాలుస్తోందో తెలుసుకోవడానికి 2019లో డెన్మార్క్, యూరోపియన్ సముద్ర భద్రతా సంస్థ సాయంతో సెన్సర్ డ్రోన్లను ఓడల పొగలోకి పంపింది. ఆ డ్రోన్ సల్ఫర్ డయాక్సైడ్‌ను ఒంటరిగా కొలవదు, కార్బన్ డయాక్సైడ్‌తో నిష్పత్తి కడుతుంది. పొగ ఎంత పలచబడినా నిష్పత్తి మారదు. కాబట్టి గాలి చెదరగొట్టిందన్న వాదనకు చోటుండదు.

అంతకంటే నేర్చుకోవలసింది తర్వాతి మెట్టు. డ్రోన్ లెక్కను చూసి నేరుగా శిక్ష వేయరు. అనుమానం వచ్చిన ఓడ పేరు తదుపరి రేవుకు చేరుతుంది. అక్కడ తనిఖీదారు ఓడ ఎక్కి ఇంధనం నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతాడు. కేసు నిలబడేది ఆ నమూనా మీద. వేల ఓడల్లో ఏది ఎక్కాలో చెప్పడం వరకే డ్రోన్ పని. పటాన్‌చెరుకు సరిపోయే నమూనా ఇదే. వందలాది కంపెనీల్లో ఈ రాత్రి ఏ గేటు తట్టాలో డ్రోన్ చెప్పాలి. గేటు తట్టి 26వ సెక్షన్ ప్రకారం సీలు వేసేది మనిషే. ఆ మనిషి ఉదయం పదింటికి కాక రాత్రి రెండింటికి సిద్ధంగా ఉండాలి.

సంగారెడ్డిలోనే ఉన్న వనరులు

అలాంటి ఏర్పాటుకు కావలసినవి ఈ జిల్లాలోనే ఉన్నాయి. కంది ఐఐటీలోని టిహాన్ కేంద్రంలో మానవరహిత వాహనాల పరీక్షా స్థలాన్ని 2022 జులైలో ప్రారంభించారు. దానికి 130 కోట్ల రూపాయలు వెచ్చించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వ్యవసాయ పరిశోధనలో డ్రోన్లు వాడేందుకు 2021 జనవరిలోనే పౌర విమానయాన శాఖ అనుమతినిచ్చింది. ఎగరేసే నైపుణ్యం, పరీక్షించే స్థలం, విశ్లేషించే రసాయన శాస్త్రం అన్నీ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. లేనిదల్లా వీటిని ఒక వరసలో పెట్టే ఉత్తర్వు.

ఆ ఉత్తర్వులో ఏముండాలి? ముందుగా ప్రతి వాడలో వాడే సాల్వెంట్ల జాబితా బహిరంగం కావాలి. కంపెనీలు అనుమతి పత్రాల కోసం ఆ వివరాలు ఎలాగూ మండలికి ఇస్తున్నాయి. జాబితా చూసి సెన్సర్ ఎంచుకోవాలి తప్ప సెన్సర్ కొన్నాక దానికి ఏం దొరుకుతుందో చూడటం కాదు. రెండోది, ఏ ఫిర్యాదూ లేని రోజుల్లో కూడా నెలనెలా ఎగిరి మామూలు స్థాయి ఎంతో నమోదు చేయాలి. మామూలు తెలియకుండా విపరీతాన్ని ఎలా గుర్తిస్తారు? మూడోది, చలికాలంలో రాత్రి బృందం: డ్రోన్ నడిపేవారు, నమూనా తీసే అధికారి, తోడుగా ఒక రెవెన్యూ ఉద్యోగి ఒకే బండిలో ఉండాలి. నాలుగోది, పరిశ్రమల సంఘం డబ్బుతోనో కంపెనీలు నియమించుకున్న సంస్థతోనో ఈ కొలతలు చేయించకూడదు. కొలిచేవారి జీతం కొలిపించుకునేవారి చేతిలో ఉంటే ఏ సెన్సరూ నిజం చెప్పదు.

ఐదోది జనానికి జవాబు. రాత్రి ఫోన్ చేసిన ఖాజీపల్లి గృహిణికి మరుసటి వారంలోగా తెలియాలి: ఆ రాత్రి బృందం వచ్చిందా, ఏం దొరికింది, ఎవరికి నోటీసు వెళ్లింది. విచారణ నడుస్తున్న కంపెనీ పేరు కొంతకాలం దాచడంలో న్యాయం ఉండవచ్చు. కొలతలను దాచడానికి కారణం లేదు. ఫిర్యాదు ఏమైందో తెలియని జనం మూడోసారి ఫోన్ చేయరు. ఫిర్యాదులు తగ్గాయి కనుక కాలుష్యం తగ్గిందని ఆ తర్వాత నివేదిక రాస్తారు.

పరిశ్రమలు కూడా దీన్ని శత్రువుగా చూడనక్కరలేదు. స్క్రబ్బర్లు, ఆవిరిని చల్లార్చి తిరిగి పట్టే కండెన్సర్లు పెట్టి ఖర్చు భరిస్తున్న కంపెనీ, ఏ ఖర్చూ పెట్టని పక్క కంపెనీ పాపాన్ని ఇంతకాలం పంచుకుంటోంది. వాసన ‘బొల్లారం కంపెనీల’దని లోకం అంటుంటే మంచి యాజమాన్యానికి తేడా చూపించుకునే మార్గం లేదు. పైగా గాలిలో కలిసిపోయే సాల్వెంట్ ఆ కంపెనీ డబ్బు పెట్టి కొన్న సరుకే. లీకేజీ ఎక్కడో తెలిస్తే అది ఖర్చు తగ్గించే సమాచారం కూడా.

డ్రోన్లకు టెండర్ పిలవడం ఒక పూట పని. దానికంటే ముందు తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి మరో కాగితం విడుదల చేయాలి: డ్రోన్ కొలతను ఎలా తీయాలి, ఎలా భద్రపరచాలి, ఏ స్థాయి దాటితే రాత్రికి రాత్రే తనిఖీ జరగాలి, ఎన్ని గంటల్లో నమూనా ప్రయోగశాలకు చేరాలి అని చెప్పే నియమావళి. దాన్ని న్యాయ నిపుణులు, పరిశ్రమలు, చుట్టుపక్కల గ్రామాలవారు చదివి అభ్యంతరాలు చెప్పాలి. ఆ కాగితం వచ్చాక కొన్న ఒక్క డ్రోన్, అది లేకుండా కొన్న పది డ్రోన్ల కంటే పటాన్‌చెరు గాలికి ఎక్కువ మేలు చేస్తుంది.